అమీర్‌పేటలో ఫీజు కట్టే ముందు

మైత్రీవనం దగ్గర సాఫ్ట్‌వేర్ కోర్సుల వాళ్లు చేతిలో పెట్టే కరపత్రంలో ‘కోర్ జావా, స్ప్రింగ్ బూట్, రియాక్ట్’ అంటూ బోలెడు పేర్లుంటాయి. అవి చూసి డబ్బు కట్టేయకండి. డెమో క్లాసులో సారును ఒక్కటి అడగండి: “గిట్ ఎన్ని రోజులు చెబుతారండీ?” (కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే పనిముట్టు గిట్.) ‘అదేముంది, గంటలో అయిపోతుంది’ అంటే కాస్త ఆలోచించుకోండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే దానితో పని పడుతుంది. ఇద్దరు ఒకే లైను మారిస్తే, ఎవరిది ఉంచాలో గిట్‌కి తెలీక వచ్చే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ క్లాసులోనే ఒకసారి చూసి ఉండాలి.

ఇక డీబగ్గింగ్, అంటే ప్రోగ్రాంలో తప్పు ఎక్కడుందో వెతికి సరిచేయడం. నేను నేర్చుకున్న చోట సారు రాసిన ప్రోగ్రాం ఏనాడూ ఒక్క తప్పూ లేకుండా నడిచేది. తీరా ఉద్యోగంలో నల్‌పాయింటర్ ఎక్సెప్షన్ (ఖాళీగా ఉన్న వేరియబుల్‌ని వాడబోతే వచ్చే ఎర్రర్) వస్తే, స్టాక్ ట్రేస్ (ప్రోగ్రాం ఏ లైన్ల మీదుగా వచ్చి ఆగిందో చూపే జాబితా) ఎక్కణ్ణుంచి చదవాలో తెలీక తెల్లమొహం వేశాను. బ్రేక్‌పాయింట్ పెట్టి ప్రోగ్రాంని కావలసిన లైను దగ్గర ఆపి, ఒక్కో లైను దాటుతూ వేరియబుల్ విలువ ఎలా మారుతోందో చూడటం మీ చేత చేయించాలి.

డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్‌లో, పట్టికల్ని కలిపే జాయిన్లు, వెతకడాన్ని వేగం చేసే ఇండెక్సుల దాకా వెళ్లాలి. ప్రాజెక్టు పేరుతో అందరికీ ఒకే జిప్ ఫైలు పంచే చోటికి మాత్రం వెళ్లకండి. బ్యాచ్ మొత్తం రెజ్యూమేలో అదే రాస్తుంది, ఇంటర్వ్యూ చేసేవాళ్లకి అది కంఠతా వచ్చేసి ఉంటుంది!

అన్నట్టు, ఫీజు రెండు విడతలుగా కడతామని అడిగి చూడండి, ఒప్పుకునేవాళ్లున్నారు.