కొత్తగా వంట చేస్తున్నారా? తాలింపుకి భయపడకండి

వంట ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకి టమాటా పప్పు కంటే మంచి కూర లేదని నా నమ్మకం. కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. గట్టిగా ఉంటే వేడినీళ్లు పోయండి, పల్చగా ఉంటే ఇంకాసేపు మరగనివ్వండి.

కప్పు కందిపప్పుకి 3 కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు. అరగంట నానితే కుక్కర్‌లో 4 విజిల్స్ చాలు. ఆవిరి మొత్తం దానంతటదే పోయాకే మూత తీయండి. టమాటాలు, పచ్చిమిర్చి విడిగా మగ్గించి, ఉడికిన పప్పులో ఉప్పుతో పాటు కలపండి. ముందే పులుపు తగిలితే పప్పు ఒక పట్టాన మెత్తబడదు.

అసలు టెన్షన్ తాలింపు దగ్గరే కదా! ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకు అన్నీ ముందే ఒక ప్లేటులో సిద్ధంగా పెట్టుకోండి. కరివేపాకు కడిగాక గుడ్డతో బాగా తుడవండి. నూనె ఎగిరి చేతిమీద పడేది ఆ తడి వల్లే. నూనె కాగిందో లేదో తెలియకపోతే రెండు ఆవాలు వేసి చూడండి. వెంటనే చిటపటమంటే మిగతా ఆవాలు వేసి, చప్పుడు తగ్గగానే స్టవ్ కట్టేయండి. అవును, కట్టేయండి! ఆ వేడికే మిగతావన్నీ వేగిపోతాయి, మాడవు. వెల్లుల్లి లేత బంగారు రంగుకి రాకపోతే సన్న సెగ మీద మళ్లీ కాసేపు పెట్టండి, అంతే.

వేడన్నంలో నెయ్యి వేసుకుని తినండి. పక్కన ఒక అప్పడం ఉంటే ఇంకా బాగుంటుంది.