మన రాష్ట్రంలో వైద్యం డబ్బు ఎక్కడికి చేరుతోందో మీరే చూసుకోవడం ఎలా

బడ్జెట్ మర్నాడు పేపర్లో వచ్చే అంకె దగ్గరే చాలామంది ఆగిపోతారు. 2025-26లో ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యానికి 19,264 కోట్లు, తెలంగాణ 12,393 కోట్లు కేటాయించాయి. చాలా పెద్ద అంకెలే. కానీ నేను ఉద్యోగమంతా ట్రెజరీలో బిల్లులు చూస్తూ గడిపినవాణ్ణి. కేటాయింపు వేరు, విడుదల వేరు, బిల్లు పాసవడం వేరు, మందు రోగి చేతికి రావడం వేరు. ఈ నాలుగూ విడివిడిగా చూస్తేనే సమీక్ష అవుతుంది. దీనికి సీఏ చదువు అక్కర్లేదు, కాస్త ఓపిక ఉంటే చాలు.

మొదట ఆ అంకెను మొత్తం బడ్జెట్‌తో భాగించండి. ఆంధ్రాలో మొత్తం 3.22 లక్షల కోట్లలో వైద్యం వాటా ఆరు శాతానికి కొంచెం తక్కువ. తెలంగాణలో 3.05 లక్షల కోట్లలో నాలుగు శాతం. 2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు 2020 నాటికి తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఖర్చు పెట్టాలని చెప్పింది. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ముందు అడగాల్సింది ఈ తేడా గురించే.

తర్వాత ఆర్థిక శాఖ వెబ్‌సైట్‌లో డిమాండ్ల పుస్తకం తెరవండి. డిమాండ్ అంటే ఒక శాఖ ఖర్చుకి శాసనసభను అడిగే మొత్తం. రెండు రాష్ట్రాల్లోనూ వైద్య ఆరోగ్యం 16వ డిమాండ్. అందులో ఒక్కో రకం ఖర్చుకి ఒక్కో పద్దు నంబర్ ఉంటుంది. 2210 అంటే వైద్యం, ప్రజారోగ్యం. 2211 కుటుంబ సంక్షేమం. 4210 అంటే భవనాలు, పరికరాల్లాంటి పెట్టుబడి ఖర్చు. 2210 లోపల 01 పట్టణ ఆసుపత్రులు, 03 గ్రామీణ వైద్యం, 05 వైద్య విద్య, 06 ప్రజారోగ్యం. మీ ఊరి పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డబ్బు 2210-03-103 దగ్గర దొరుకుతుంది. ఈఎస్‌ఐ డిస్పెన్సరీలు కార్మిక శాఖ కింద ఉంటాయి, వాటిని మర్చిపోకండి.

ప్రతి పద్దుకీ నాలుగు గడులు ఉంటాయి: రెండేళ్ల కిందటి అసలు లెక్క, పోయినేడు వేసిన అంచనా, దాన్నే సవరించిన అంచనా, ఈ ఏడాది అంచనా. పేపర్లు చివరి గడినే రాస్తాయి. నా మాట వింటే మొదటి గడి చూడండి. నిజంగా ఖర్చయింది అదొక్కటే. అసలు లెక్క ఏటా అదే ఏడాదికి వేసిన అంచనా కంటే బాగా తక్కువగా వస్తుంటే, ఆ పథకానికి నిధులు కాగితం మీదే ఉన్నాయని అనుకోవాలి. జీతాలను 010 పద్దులోనే కాకుండా గ్రాంట్ ఇన్ ఎయిడ్ (సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే సాయం) కింద ఇచ్చే జీతాలతో కూడా కలిపి చూడండి. లేకపోతే మందులకీ మరమ్మతులకీ మిగిలేది ఎంతో తెలియదు.

కేంద్రం వాటా కూడా ఇందులోనే కలిసి ఉంటుంది. జాతీయ ఆరోగ్య మిషన్‌లో 2015-16 నుంచి కేంద్రం 60, రాష్ట్రం 40. ఆశా కార్యకర్తల ప్రోత్సాహకాలు, కాంట్రాక్టు స్టాఫ్ నర్సుల జీతాల్లాంటివి చాలావరకు దీన్నించే వెళ్తాయి. ఏ పనికి ఎంత ఆమోదించారో వరస వారీగా ఉండే పత్రాన్ని రికార్డ్ ఆఫ్ ప్రొసీడింగ్స్ అంటారు, మిషన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాల వారీగా పెడతారు. మీ జిల్లా మీటింగులో చెప్పే మాటను ఆ పత్రంతో పోల్చుకోవచ్చు.

ఇక ఆడిట్. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వెబ్‌సైట్‌లో వినియోగ పద్దులు ఉంటాయి. శాసనసభ ఇచ్చిన డబ్బులో ఎంత మిగిలిపోయిందో, ఎంత సరెండర్ చేశారో (ఖర్చు పెట్టకుండా వెనక్కి ఇచ్చేశారో) అందులో చూడొచ్చు. చాలా పద్దుల కింద ‘మిగులుకు కారణాలు తెలియజేయలేదు’ అనే వాక్యం కనిపిస్తుంది. అది కనిపించిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి, మీరు అడగాల్సిన ప్రశ్న అక్కడే ఉంది. మార్చి నెలాఖరున బిల్లులు కుప్పగా వచ్చిపడటం ట్రెజరీలో ఏటా చూసేవాణ్ణి. పదకొండు నెలలు విడుదల లేని డబ్బు చివరి వారంలో వస్తే ఏ ఆసుపత్రి అయినా దాన్ని పద్ధతిగా ఎలా ఖర్చు పెడుతుంది?

ఆరోగ్యశ్రీ గురించి రెండు మాటలు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ పథకం పేదవాడికి గుండె ఆపరేషన్ చేయించింది, ఆ మేలు కాదనలేం. పరిమితి ఇప్పుడు ఎన్ని లక్షలు అన్న ప్రచారం పక్కన పెట్టి మూడు అంకెలు అడగండి: ఆమోదించిన క్లెయిములు ఎంత, చెల్లించింది ఎంత, అందులో ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చింది ఎంత. బకాయిల వల్ల నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. డేటా కూడా పరీక్షించాల్సిందే. కేంద్రం నడిపే ఇలాంటి పథకం ఆయుష్మాన్ భారత్‌లో దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారులకు ఒకే ఫోన్ నంబర్ ఉన్నట్టు 2023 కాగ్ నివేదిక బయటపెట్టింది.

అన్నిటికంటే ముఖ్యమైన పని పీహెచ్‌సీలో. మందుల స్టాక్ రిజిస్టర్ అడగండి. ఒక్కో మందుకి ఒక్కో పేజీ. ప్రారంభ నిల్వ, వచ్చింది, ఇచ్చింది, మిగిలింది అని గడులుంటాయి. బీపీకిచ్చే ఆమ్లోడిపిన్ పేజీ తీయండి. ‘ఇచ్చింది’ గడి వారాల తరబడి ఖాళీగా ఉంటే, అవే తేదీలకు ఓపీ రిజిస్టర్ పక్కన పెట్టండి. బీపీ పేషెంట్లు రోజూ వచ్చినట్టు అందులో ఉంటే వాళ్లు బయట డబ్బిచ్చి కొనుక్కున్నారు, లేదా మందు మానేశారు. ఇండెంట్ (మందులు కావాలని పంపే కోరిక పత్రం) ఎప్పుడు పెట్టారు, సరుకు ఎప్పుడు దిగింది, ఎక్స్‌పైరీకి ఎన్ని నెలలుంది కూడా రాసుకోండి. తప్పు ఫార్మసిస్టుదా, జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోర్‌దా, కొనుగోళ్లు చేసే కార్పొరేషన్‌దా అన్నది ఈ తేదీలు చూస్తే తేలుతుంది. ఫార్మసిస్టుతో గొడవ పడకండి, చాలాసార్లు ఆయన కూడా మనలాగే ఎదురుచూస్తుంటాడు.

పోస్టుల లెక్క కూడా ఇలాగే: మంజూరైనవి, భర్తీ అయినవి, డిప్యుటేషన్ మీద వేరేచోటికి పోయినవి. ఈ మూడోది అడగకపోతే ఎవరూ చెప్పరు.

ఈ రిజిస్టర్లు, లెక్కలు చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకి గడువు 30 రోజులు. ‘మందులు ఎందుకు లేవు’ అని రాస్తే సరైన జవాబు రాదు. ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆమ్లోడిపిన్ స్టాక్ రిజిస్టర్ పేజీల నకళ్లు ఇవ్వగలరు’ అని రాయండి. ఆసుపత్రి నిర్వహణ చూసే హాస్పిటల్ డెవలప్‌మెంట్ సొసైటీ మీటింగుల మినిట్స్, ఖర్చు వోచర్లు కూడా అలాగే అడగండి.

చేతికొచ్చినవి ఒక్క పేజీలో రాసి, పక్కన పుస్తకం పేరు, పేజీ నంబర్, రిజిస్టర్ తేదీ వేసి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక కాపీ మీ ఎమ్మెల్యేకి బడ్జెట్ సమావేశాలకు ముందే చేరాలి. డిమాండ్ మీద చర్చ జరిగే రోజున ఆ కాగితం ఆయన చేతిలో ఉంటేనే ఉపయోగం.