సోంపు మందుగా పనిచేయాలంటే

హోటల్లో బిల్లుతో పాటు వచ్చే చక్కెర పూసిన రంగు సోంపు మిఠాయి, మందు కాదు. కడుపుబ్బరానికి, గ్యాసుకు, అజీర్తికి పెద్దలు వాడింది పూత లేని మామూలు గింజ. పనంతా దానిలోని నూనెది. ఆ నూనెలో ఎక్కువ భాగం అనెథోల్ అనే పదార్థం, తీపి వాసన దానిదే. పేగుల బిగువును కాస్త సడలించి గ్యాసు బయటికి పోయేలా చేస్తుంది. అయితే వేడి తగిలితే ఆవిరైపోతుంది, అందుకే సోంపు వాడకంలో చాలా తప్పులు పొయ్యి దగ్గరే జరుగుతాయి.

నల్లగొండ, పాలమూరు కిరాణాల్లో దొరికే సరుకులో చాలావరకు గుజరాత్, రాజస్థాన్ పంటే. సన్నగా, పచ్చగా ఉండే లక్నో సోంపును లేతగా కోస్తారు, అది నమలడానికి బాగుంటుంది. కషాయానికి మాత్రం గీతలు తేలి, కొంచెం పసుపు తిరిగిన లావు గింజ తీసుకోండి. మరీ చిలకపచ్చగా మెరుస్తుంటే అనుమానించాలి. గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కలపకుండా రెండు నిమిషాలు చూడండి. రంగు కలిపిన గింజ నుంచి పచ్చటి చారలు దిగుతాయి. నాలుగు గింజలు అరచేతిలో గట్టిగా నలిపినా వాసన రాలేదంటే పాతదో, నూనె తీసేసిన పిప్పో అయి ఉంటుంది. అది ఎంత వేసినా దండగే.

కషాయానికి ఒక చిన్న చెంచా సోంపు, అంటే దాదాపు 2 గ్రాములు, చాలు. కాచే ముందు అప్పటికప్పుడు రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. గింజ పగలకపోతే నూనె నీళ్లలోకి సరిగా దిగదు, మెత్తటి పొడి చేస్తే జాలిలోంచి జారి గొంతులో గరగరలాడుతుంది. 250 మిల్లీలీటర్ల నీళ్లు తెర్లనిచ్చి, పొయ్యి ఆర్పేసి, అప్పుడు దంచిన సోంపు వేసి వెంటనే మూత పెట్టండి. పావుగంట కదిలించొద్దు. మూత తీసినప్పుడు దాని లోపలివైపు పట్టిన నీటిబొట్లను కూడా గ్లాసులోకే వంచాలి, ఆవిరితో పైకి లేచిన నూనె వాటిలోనే ఉంటుంది. చాయ్ లాగా పది నిమిషాలు మరిగిస్తే ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ గ్లాసులో మిగిలేది పసుపు నీళ్లే.

నీళ్ల సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాలి. నల్లగొండ జిల్లా మర్రిగూడ లాంటి ఫ్లోరైడ్ మండలాల్లో బోరు నీళ్లతో కషాయం కాచొద్దు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇంకేకొద్దీ మిగిలినదాంట్లో దాని శాతం పెరుగుతుంది. తాగడానికి వాడే నల్లా నీళ్లే వాడండి.

పెద్దవాళ్లు తిన్న అరగంటకు గోరువెచ్చగా ఒక గ్లాసు తాగొచ్చు, రోజుకు మూడు దాటొద్దు. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించాలి. విరేచనంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా అన్ని రోజులు కూడా ఆగొద్దు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం ఉంటే గ్యాసేలే అని సోంపు నమలకుండా 108కి ఫోన్ చేయండి.

దసరా మటన్ తిన్న రోజు కషాయం కాచే ఓపిక ఉండదు. రెండు పాళ్లు సోంపు, ఒక పాలు వాము సన్నసెగ మీద వేడెక్కేదాకా తిప్పి, చిటికెడు సైంధవ లవణం కలిపి అర చెంచా నమిలితే సరిపోతుంది. గింజ ఎర్రబడితే మాడినట్టే.

చంటిపిల్లలకు కడుపునొప్పి అని సోంపు నీళ్లు పోసే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. ఇది మానాల్సిందే. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, నాలుగేళ్లలోపు పిల్లలకు డాక్టర్ చెప్పకుండా ఈ కషాయం ఇవ్వొద్దు. సోంపు నూనెలో ఎస్ట్రగోల్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది, పసివాళ్ల విషయంలో జాగ్రత్త దానివల్లే. గర్భిణులు కూరలో పడే సోంపుతో ఆగాలి. పాలు పడతాయని బాలింతలకు చెంబులకు చెంబులు తాగించడమూ సరికాదు. ధనియాలు, క్యారెట్ పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు, అన్నీ ఒకే కుటుంబం మొక్కలు.

ఇంట్లో పెంచాలంటే దసరా దాటగానే విత్తాలి. ఆలస్యమైతే గింజ పాలుపోసుకునే వేళకు ఎండలు ముదిరి తాలు మిగులుతుంది. చల్క నేల బాగా ఒప్పుతుంది, నీరు నిలిచే నల్లరేగడిలో వేరు కుళ్లుతుంది. కుండీ అయితే అడుగుకు పైగా లోతుండాలి, వేరు నిట్టనిలువుగా దిగుతుంది. విత్తనాన్ని రాత్రి నానబెట్టి, ఒక సెంటీమీటరు లోతులో నేరుగా విత్తండి. రెండు వారాల్లోపు మొలుస్తుంది. తర్వాత అడుగుకొక మొక్క ఉంచి మిగతావి పీకేయాలి. పూత మీద పేనుబంక పట్టడం మామూలే. రోజూ పొద్దున నీళ్లు గట్టిగా కొట్టి రాల్చేయండి, నోట్లో వేసుకునే గింజ మీద పురుగుమందు వద్దు.

గొడుగుల్లా విచ్చుకునే గింజ గుత్తులన్నీ ఒకేసారి పండవు. గింజ నిండి పసుపు తిరిగిన గొడుగును ముందు కోసుకుంటూ, వారం పది రోజులకోసారి నాలుగైదు విడతల్లో తీయాలి. నీడలో ఆరబెట్టండి, ఎండలో పోస్తే రంగూ వాసనా రెండూ పోతాయి. బాగా ఎండాక గాజు సీసాలో, పొయ్యికి దూరంగా గింజగానే దాచితే ఏడాది ఉంటుంది. పొడి కొట్టింది నెలలోపే వాడేయాలి.