పెరటి కోళ్లకు నట్టల మందు: ఎప్పుడు, ఏది, ఎలా వేయాలి?

మా ఇల్లు విశాఖలో సింహాచలం కొండ వెనక, అడివివరం వైపు. పెరట్లో తొమ్మిది కోళ్లు ఉంటాయి. రెండేళ్ల కిందట సెప్టెంబరులో వారం రోజులు వదలకుండా వాన పడింది. ఆ తర్వాత మా నల్లపెట్ట మేత దగ్గరికి రావడం మానేసింది. "ఏటమ్మా, ఆ పెట్ట అలా ముడుచుకుని కూకుంది? ఓపాలి పట్టుకుని చూడు" అని పక్కింటి పిన్ని అంటే అప్పుడు చేతిలోకి తీసుకున్నాను. పైకి ఈకలన్నీ నిండుగానే ఉన్నాయి. రొమ్ము తడిమితే మాత్రం కండ లేదు, మధ్య ఎముక అంచు వేలికి గుచ్చుకుంది. మర్నాడు పొద్దున గంప ఎత్తి చూస్తే రెట్టలో తెల్లటి పురుగు, ఉడికిన సేమ్యా పోగులా వేలెడు పొడవుంది. ఇంకా కదులుతోంది.

అప్పుడు కంగారులో దొరికిన మందు తెచ్చి, అన్నిటికీ కలిపి నీళ్ల గిన్నెలో పోసేశాను. నల్లపెట్ట నీళ్లే ముట్టలేదు. మిగతావి పెరట్లో నిలిచిన వాన నీళ్లు తాగాయి. మూడు వారాలు తిరక్కుండా ఇంకో రెండు పెట్టలు వాలిపోయాయి. ఆ తర్వాత పశువుల డాక్టరు గారు ఒక్కొక్కటీ విడమర్చి చెబితే నేర్చుకున్నదే ఇదంతా.

ముందు, ఇది నట్టల పనేనా?

తురాయి ఎరుపు తగ్గి పాలిపోవడం, తింటున్నా చిక్కిపోవడం, గుడ్లు తగ్గడం, రెట్ట పలచబడడం, రెక్కలు వేలాడేసి ఒక మూల నిలబడడం. కడుపులో నట్టలు, అంటే పేగు పురుగులు, ఉంటే ఇవన్నీ నెమ్మదిగా, వారాల మీద కనిపిస్తాయి. ఒక్క రోజులో కోడి పడిపోయిందంటే కారణం వేరే ఉండొచ్చు.

మెడ వంకర తిరగడం, ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఒకదాని వెనక ఒకటి చచ్చిపోవడం కనిపిస్తే కొక్కెర తెగులును అనుమానించాలి. దానికి మందు లేదు, ముందుగా వేయించే టీకా ఒక్కటే దారి. ఇక కోళ్లు ఉన్నట్టుండి గుంపుగా చచ్చిపోతుంటే ముట్టుకోకండి, కోయకండి, గెడ్డలో పారేయకండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. వెంటనే దగ్గర్లోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి గానీ, 1962 టోల్ ఫ్రీ నంబరుకు గానీ చెప్పండి.

రెట్ట చూడడం నేర్చుకోండి

పొద్దున గూడు తలుపు తీయగానే, కోళ్లు తొక్కేయకముందే చూడాలి. మంచి రెట్ట గట్టిగా ఉండి, మీద తెల్లటి టోపీ ఉంటుంది. పది రెట్టల్లో ఒకటి ముద్దగా, చాక్లెట్ రంగులో, ముక్కు మూసుకునేంత వాసనతో ఉంటుంది. అది జబ్బు కాదు. పేగు చివర ఉండే రెండు తిత్తుల్లోంచి వచ్చేది అలాగే ఉంటుంది. చాలామంది దాన్ని చూసి విరేచనాలనుకుని అనవసరంగా టెన్షన్ పడతారు.

సేమ్యాలాంటి పొడుగు పురుగులు ఏలిక పాములు. ఇవి చిన్న పేగులో ఉంటాయి. రెట్ట మీద తెల్ల నువ్వుగింజల్లాంటివో, చిన్న అన్నం మెతుకుల్లాంటివో కనిపిస్తే అవి బద్దె పురుగుల ముక్కలు. చీమలు, పేడపురుగులు, ఈగలు, నత్తలు తిన్న కోడికి ఈ బద్దె పురుగు వస్తుంది. అందుకే పెరట్లో తిరిగే కోడికే ఇది ఎక్కువ. వెంట్రుకలంత సన్నటి పురుగులు కూడా ఉన్నాయి గానీ అవి కంటికి ఆనవు. పురుగు కనపడలేదు కాబట్టి కోడి కడుపు శుభ్రంగా ఉందనుకోవడానికి లేదు.

కాబట్టి నా సలహా, వీలైతే మందు కొనేముందే రెట్ట పరీక్ష చేయించండి. రెండు మూడు కోళ్ల తాజా రెట్టను చెంచాడు చొప్పున మూత ఉన్న చిన్న డబ్బాలో వేసి, ఎండ తగలకుండా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. మైక్రోస్కోపు కింద పురుగుల గుడ్లు చూసి ఏ రకం నట్టలో చెప్తారు. ఏ మందు వేయాలో దాన్నిబట్టే తేలుతుంది.

ఏ మందు?

పిపరజిన్ ఏలిక పాములకు పనిచేస్తుంది, బద్దె పురుగులకు పనిచేయదు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఏలిక పాములతో సహా చాలా రకాల గుండ్రటి పురుగుల మీద పనిచేస్తాయి. బద్దె పురుగు ఉంటే ఆల్బెండజోల్ మోతాదు పెంచమని గానీ, ప్రాజిక్వాంటెల్ వేయమని గానీ డాక్టరు చెప్తారు. ఈకలు రాలి కొత్తవి మొలిచే రోజుల్లో ఫెన్‌బెండజోల్ వద్దు, వచ్చే ఈకలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

వేపాకు, వెల్లుల్లి, పసుపు, గుమ్మడి గింజలు పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. మేతలో కాస్త కలిపితే తప్పు లేదు. కానీ రొమ్ము ఎముక తేలిన కోడికి వాటిని మందుగా నమ్ముకుని వారాలు గడపకండి. పొగాకు నీళ్లు, కిరోసిన్ చుక్కలు మాత్రం ఎవరు చెప్పినా వేయొద్దు. కోడి ప్రాణం పోతుంది.

తూకం, లెక్క

మోతాదు కోడి బరువును బట్టి ఉంటుంది, కంటి అంచనాతో కాదు. సూట్‌కేసులు తూచే కొక్కెం తూకం ఉంటే చాలు. కోడిని గుడ్డ సంచిలో పెట్టి, తల బయటికి ఉంచి వేలాడదీస్తే అది కదలకుండా ఉంటుంది.

ఉదాహరణకు ఏలిక పాములకు ఆల్బెండజోల్ కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు అని డాక్టరు రాశారనుకుందాం. సీసా మీద 2.5 శాతం అని ఉంటే ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. కిలోన్నర పెట్టకు 15 మిల్లీగ్రాములు కావాలి, అంటే 0.6 మిల్లీలీటరు. అదే మందు 10 శాతం సీసాలోనూ దొరుకుతుంది. అందులోంచి 0.6 తీస్తే నాలుగింతలు వేసినట్టే. అందుకే ముందు సీసా మీద శాతం చదవండి, తర్వాతే సిరంజి ముట్టుకోండి.

నోట్లో ఎలా వేయాలి

సాయంత్రం కోళ్లు గూట్లో చేరాక పట్టుకోవడం తేలిక. సీసా బాగా కుదపండి, మందు అడుగున పేరుకుంటుంది. సూది లేని 1 మిల్లీలీటరు సిరంజిలోకి కొలిచి తీసుకోండి. కోడిని ఎడమ చంకలో, రెక్కలు విప్పకుండా అదిమి పట్టుకుని, మెల్లగా ముక్కు తెరవండి. నాలుక వెనకాలే చిన్న చీలిక తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అది ఊపిరి గొట్టం. మందు అందులో పడితే ఊపిరితిత్తుల్లోకి పోయి కోడి చచ్చిపోవచ్చు. అందుకని మధ్యలో చిమ్మకండి. ముక్కు పక్క అంచున రెండేసి చుక్కలు వేసి, మింగనిచ్చి, మళ్లీ రెండు చుక్కలు వేయండి. ఒక కోడికి నిమిషం పట్టినా పర్లేదు. మొదటిసారి చేస్తుంటే ఇంట్లో ఇంకొకరిని పట్టుకోమనండి.

చేయి తిరగకపోతే చిన్న బ్రెడ్డు ముక్కకు మందు పట్టించి, ఒక్కో కోడిని విడిగా ఉంచి తినిపించండి. బాగా నీరసించిన కోడికి మాత్రం సొంతంగా వేయొద్దు. కడుపు నిండా ఉన్న పురుగులన్నీ ఒకేసారి చచ్చి పేగుకు అడ్డం పడొచ్చు. పొదుగుతున్న పెట్ట విషయంలో కూడా డాక్టర్ని అడిగే వేయండి.

తర్వాతి రెండు రోజులు కోళ్లను బయటికి వదలకండి. పడిన పురుగుల్లో, రెట్టలో వేల గుడ్లుంటాయి. పొద్దునా సాయంత్రం రెట్ట ఎత్తి, కోళ్లు తిరగని చోట గోతిలో వేసి మట్టి కప్పండి. ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. కోడి ఏలిక పాములు మనుషులకు అంటవు గానీ, రెట్టలో ఉండే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా అంటుతుంది.

గుడ్లు తినొచ్చా? మందు మీద ఎన్నాళ్లు ఆగాలో రాసి ఉంటే అన్నాళ్లు ఆగాలి. రాసి లేకపోతే డాక్టర్ని అడగాలి. రెండు చోట్లా జవాబు దొరక్కపోతే మేం రెండు వారాలు ఆగుతాం.

రెండో విడత వేయకపోతే మొదటిది వేసినదానికి పెద్దగా ఫలితం ఉండదు. పేగు గోడలో దాక్కున్న పిల్ల పురుగులు మొదటి మందుకు చాలావరకు తప్పించుకుంటాయి. అవి పెద్దవై గుడ్లు పెట్టేలోపు, రెండు మూడు వారాలకు మళ్లీ వేయాలి. మేం మందు వేసిన రోజే గోడ క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుడతాం.

కోడిపిల్లలకు రక్తపారుడు వేరు

మూడు నుంచి ఆరు వారాల పిల్లలు రక్తం కలిసిన రెట్ట వేస్తూ, ఈకలు ఉబ్బించి వణుకుతుంటే అది కాక్సీడియోసిస్ కావొచ్చు. దానికి కారణం కంటికి కనపడని సూక్ష్మజీవి. నట్టల మందుతో అది పోదు. ఆంప్రోలియం పొడిని డాక్టరు చెప్పిన కొలతలో నీళ్లలో కలిపి పెట్టాలి, అన్ని రోజులూ ఆ నీళ్లే తాగాలి. ఆ రోజుల్లో బలానికని బి-కాంప్లెక్స్ కలపకండి. బి1 విటమిన్‌ను అడ్డుకోవడం ద్వారానే ఆంప్రోలియం పనిచేస్తుంది, మనమే బి1 ఇస్తే మందు వృథా. ఇందులో రోజుల తరబడి ఆలోచించే వ్యవధి ఉండదు. పొద్దున రక్తం చూస్తే మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఉండాలి.

నేల సంగతి

మన విశాఖలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక వాన, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల వాన. మధ్యలో కూడా సముద్రపు చెమ్మ ఉండనే ఉంటుంది. రెట్టతో పడిన ఏలిక పాము గుడ్డు వెచ్చటి తడి మట్టిలో సుమారు రెండు వారాల్లో అంటుకునే దశకు వస్తుంది. నీడలో తడిగా ఉన్న నేలలో నెలల తరబడి బతుకుతుంది. బ్లీచింగ్ నీళ్లకు అంత తేలిగ్గా చావదు, ఎండకూ పొడి నేలకూ చస్తుంది. మా పెట్టలకు పదేపదే నట్టలు పట్టడానికి కారణం గూటి పక్కన చూరు నీళ్లు పడే చోటే. మేత గింజలు అక్కడే చల్లేవాళ్లం.

ఇప్పుడు ఆ చూరు కింద రేకు గొట్టం కట్టాం. మేత, నీళ్ల గిన్నెలు రెండు ఇటుకల ఎత్తున పెట్టాం, రెట్ట పడకుండా. గూట్లో నాలుగంగుళాల వరి ఊక, రోజూ పొద్దున కర్రతో తిరగేస్తాను, తడిసిన చోటు తీసేసి పొడిది వేస్తాను. పెరటిని వలతో రెండుగా విడదీసి, ఒక వైపు కోళ్లు తిరుగుతుంటే రెండో వైపు గడ్డి కోసి ఎండ పడనిస్తాం. కొత్త కోడిని తెస్తే మూడు వారాలు విడిగా గంప కింద ఉంచి, రెట్ట పరీక్ష అయ్యాకే మిగతావాటిలో కలుపుతాం.

మే నెలాఖరులో వానలకు ముందు ఒకసారి, తుపాన్ల కాలం ముగిశాక డిసెంబరులో ఇంకోసారి రెట్ట ఆసుపత్రికి పంపుతున్నాం. టీకా వేయించాల్సి ఉంటే నట్టల మందు దానికి వారం ముందే అయిపోయేలా చూస్తాం. కడుపులో పురుగులున్న కోడికి టీకా సరిగా పట్టదని డాక్టరు గారు చెప్పారు. పోయిన డిసెంబరు పరీక్షలో గుడ్లు కనపడలేదు, అందుకే అప్పుడు మందే వేయలేదు. నల్లపెట్ట ఇప్పుడు తూకానికి కిలో 700 గ్రాములు ఉంది.