కంపెనీ చైర్మన్‌గారు పోయిన సంతాపం, మనింట్లో శుభకార్యం ఒకే వారంలో పడితే

2024 అక్టోబరు 9 రాత్రి ముంబయిలో రతన్ టాటా కన్నుమూశారు. మర్నాడే హైదరాబాద్‌లో సద్దుల బతుకమ్మ, 12న దసరా. టాటా గ్రూపు కంపెనీ టీసీఎస్ త్రైమాసిక ఫలితాలు కూడా 10వ తేదీనే రావాల్సి ఉంది. వాళ్లు ముందు చెప్పిన రోజే ఫలితాలు ప్రకటించారు, విలేకరుల సమావేశం మాత్రం రద్దు చేసుకున్నారు. ఇంట్లో ఫంక్షన్ పెట్టుకున్న ఉద్యోగి కూడా ఇదే పద్ధతి పట్టుకోవచ్చు. తేదీ మార్చలేని పని జరిపించాలి, దాని చుట్టూ ఉండే హడావిడి తగ్గించాలి.

మైల సంగతి ముందు తేల్చుకోండి

ఇంట్లో పెద్దవాళ్లు మొదట అడిగేది ఇదే. యజమాని పోతే ఉద్యోగికి మైల పట్టదు. అది జ్ఞాతులకు, దగ్గరి బంధువులకు. కాబట్టి ముహూర్తం పెట్టుకున్న గృహప్రవేశమో, సీమంతమో, నిశ్చితార్థమో వాయిదా వేయక్కర్లేదు. ఆచారాలు ఇంటింటికీ కాస్త మారతాయి గనుక మీ పురోహితుడికి ఒక ఫోన్ చేసి అడిగితే ఎవరికీ శంక మిగలదు.

అసలు చిక్కు ఆఖరి చూపు దగ్గర వస్తుంది. పీటల మీద కూర్చునేవాళ్లు, కంకణం కట్టుకున్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు శవం దగ్గరికి వెళ్లకపోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. పీటల మీద కూర్చోవాల్సింది మీరే అయితే మీ తరఫున టీమ్‌లో ఒకరి చేత పూలు పంపండి, మీరు ఆఫీసు సంతాప సభకు వెళ్లండి. దీన్ని ఎవరూ తప్పు పట్టరు. మేనేజర్‌కి మాత్రం ముందే ఒక మాట చెప్పి ఉంచాలి.

వెళ్లొచ్చినవాళ్లు తలారా స్నానం చేశాకే మిగతా ఇంట్లోకి రావాలి. అపార్ట్‌మెంట్లలో బయట కుళాయి ఉండదు. అందుకని బయల్దేరే ముందే తలుపుకి దగ్గరున్న బాత్రూంలో తువ్వాలు, మార్చుకునే బట్టలు, విడిచినవి తడపడానికి ఒక బకెట్ పెట్టించండి. తోరణం కట్టి కలశం పెట్టిన ఇంట్లోకి వచ్చి తువ్వాలు కోసం వెతుక్కుంటుంటే అమ్మమ్మ ఊరుకుంటుందా?

సందర్శన సమయం, అంత్యక్రియల సమయం ఒకటి కావు. రామోజీరావు 2024 జూన్ 8న పోయారు. పార్థివదేహాన్ని ఫిల్మ్ సిటీలో సందర్శనకు ఉంచి, 9న ప్రభుత్వ లాంఛనాలతో అక్కడే అంత్యక్రియలు చేశారు. ఇలాంటి చోట ప్రముఖులు వచ్చినప్పుడల్లా వరుస ఆగిపోతుంది, అంతిమయాత్రకు చాలాముందే గేటు మూసేస్తారు. పైగా గచ్చిబౌలి నుంచి ఫిల్మ్ సిటీకి వెళ్లాలంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద పెద్ద అంబర్‌పేట దాకా చుట్టి వెళ్లాలి. సాయంత్రం ఇంట్లో పూజ ఉన్నవాళ్లు పొద్దున్నే చూసి రావాలి. ఐడీ కార్డు దగ్గర పెట్టుకోండి, బ్యాగు వద్దు. పెద్ద దండ మోసుకెళ్లినా వలంటీర్లు తీసుకుని పక్కన పెట్టేస్తారు, దోసెడు విడిపూలు చాలు.

ఆఫీసులో సంతాప సభ

ఎక్కువ పొరపాట్లు ఫొటో దగ్గరే జరుగుతాయి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో పొడవు 1600 పిక్సెళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. దాన్ని 12×18 అంగుళాల సైజులో ప్రింట్ తీస్తే ముఖం మసకబారుతుంది. ఆ సైజుకి పొడవాటి వైపు కనీసం 2700 పిక్సెళ్లు ఉండాలి, 5400 ఉంటే బాగా వస్తుంది. కమ్యూనికేషన్స్ వాళ్ల దగ్గర అసలు ఫైలు మెయిల్‌లో తెప్పించుకోండి, లేదా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి.

దండకి కొలత చెప్పి కట్టించాలి. పై అంచు 12, రెండు పక్కలు 18 చొప్పున, మొత్తం 48 అంగుళాలు. ఫ్రేము అంచులు, పూల మందం కలుపుకుని అయిదడుగులు చెప్పండి. మెడలో వేసే దండలా చివర్లు కలిపేస్తే అది జారి ముఖాన్ని కప్పేస్తుంది. చివర్లు విడిగా ఉంచమని గట్టిగా చెప్పాలి. పై రెండు మూలల దగ్గర దండని దారంతో ఫ్రేము వెనక్కి లాగి కట్టండి. కుర్చీలో ఆనించిన ఫొటో దండ బరువుకి ముందుకి జారుతుంది, స్టాండు తెప్పించుకోవాలి. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో తెల్లవారకముందే దొరుకుతాయి. ఇంటి తోరణాలకు కొన్న బంతిపూలలోంచి మాత్రం ఈ దండ కట్టించకండి, రెండూ వేర్వేరుగా కొనండి.

అద్దాల బిల్డింగుల్లో అగరుబత్తి వద్దు. పొగ సెన్సర్ కిందే వెలిగించారంటే అలారం మోగి ఫ్లోరంతా మెట్లు దిగాల్సి వస్తుంది. దీపం పెట్టడానికి ఫెసిలిటీస్ వాళ్ల అనుమతి ముందురోజే తీసుకోండి. బల్ల ఏసీ గాలికి ఎదురుగా ఉంటే దీపం నిమిషం కూడా నిలవదు, అందరి ముందూ మళ్లీ మళ్లీ వెలిగించాల్సి వస్తుంది.

ముగ్గురు మాట్లాడితే చాలు, తలా మూడు నిమిషాలు. అందులో ఒకరు పాత డ్రైవరో, సెక్యూరిటీ మనిషో అయితే సభకు ప్రాణం వస్తుంది. షేరు ధర ఊసు రానివ్వకండి. చప్పట్లు కొట్టొద్దని యాంకర్ మొదటే చెప్పాలి, లేకపోతే అలవాటుకొద్దీ ఎవరో ఒకరు మొదలెడతారు. రెండు నిమిషాల మౌనానికి ఒకరు గడియారం చూడాలి. చూసేవాళ్లు లేకపోతే ముప్పావు నిమిషానికే మైకులో ధన్యవాదాలు వినపడతాయి. ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లందరినీ హోస్టే మ్యూట్ చేయాలి, మౌనం మధ్యలో ఎవరింట్లోదో కుక్కర్ విజిల్ వేస్తుంది.

అన్నిటికంటే ముందు హెచ్‌ఆర్ చేయాల్సిన పని ఇంకోటి ఉంది. పుట్టినరోజు మెయిళ్లు, పండగ శుభాకాంక్షల పోస్టులు వాటంతటవే వెళ్లేలా పెట్టి ఉంటే ఆపించాలి. సంతాప ప్రకటన కిందే బెలూన్ల బొమ్మ కనిపించడం ఇందువల్లే.

ఇంటి ఫంక్షన్‌లో ఏం తగ్గించాలి

పూజ, భోజనం, తాంబూలం మామూలుగానే జరగాలి. డీజే, బాణసంచా, స్టేజీ డాన్సులు మానేయండి. సన్నాయి మేళం మంగళవాద్యం గనుక ఉంచుకోవచ్చు. ఏడాది పాప పుట్టినరోజు అయితే కేకు కోయండి, పిల్లల పండగని పెద్దల విషాదంతో కట్టేయక్కర్లేదు. డీజే అడ్వాన్సు తిరిగిమ్మంటే ఇవ్వరు. ఇంకో తేదీకి సర్దుబాటు చేయమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

కేటరర్‌తో మాట్లాడాల్సింది అతను కూరగాయలు కొనకముందు, అంటే ముందురోజు పొద్దున్నే. ఆఫీసు నుంచి పిలిచినవాళ్లలో ఎవరు వస్తున్నారో అడిగి తెలుసుకుని ప్లేట్లు తగ్గించండి. ఆ తర్వాత చెప్తే చెప్పిన ప్లేట్లకు డబ్బు కట్టాల్సిందే. పిలిచినవాళ్లకి ఇలా మెసేజ్ పెట్టొచ్చు: “ముహూర్తం ముందే పెట్టుకున్నది కాబట్టి కార్యక్రమం ఇంట్లోవాళ్ల మధ్య జరుపుకుంటున్నాం. వీలైతే వచ్చి ఆశీర్వదించండి, రాలేకపోయినా ఏమీ అనుకోం.” దీన్ని ఒక్కొక్కరికీ విడిగా పంపాలి. సంతాపం నడుస్తున్న ఆఫీసు గ్రూపులో పడేస్తే బాగుండదు. ఫంక్షన్ ఫొటోలు కూడా ఆ వారం చుట్టాల గ్రూపు దాటకూడదు. స్టేటస్ పెట్టాలని ఉంటే ఎవరికి కనపడాలో సెట్టింగ్స్‌లో ఎంచుకుని పెట్టండి.

పోయినవారు ముస్లిములైతే ఫొటోకి దండ, దీపం లాంటివి తలపెట్టకుండా ఇంటివాళ్లు ఎలా చెప్తే అలా చేయండి. జనాజా (అంతిమయాత్ర) సాధారణంగా త్వరగా జరిగిపోతుంది, సాయంత్రం వెళ్దామనుకుంటే అందదు. క్రైస్తవుల ఇంటికి రీత్ (పూలచక్రం) తీసుకెళ్లవచ్చు, ప్రార్థన సమయం కనుక్కుని వెళ్లండి.

హిందువుల ఇంటికి పలకరింపుకి వెళ్తే పది నిమిషాలు కూర్చుని లేవండి. కొన్ని ఇళ్లలో మంగళ, శుక్రవారాలు రానివ్వరు, ముందే అడగాలి. తిరిగి బయల్దేరేటప్పుడు “వెళ్లొస్తాను” అనకూడదు. మీ ఇంటి శుభకార్యం ప్రస్తావన అక్కడ తేవద్దు, వాళ్లే అడిగితే ఒక్క ముక్కలో చెప్పండి. ఆఫీసులో పంచాల్సిన స్వీట్లు దశదిన కర్మ అయ్యేదాకా ఆపండి. సున్నుండలు, కాజాలు అన్నాళ్లూ నిలవుంటాయి, పాలకోవా ఉండదు.