రౌండ్స్‌కి ముందు ఓ గంట: వార్డులో అడుగుపెట్టే ఫార్మసిస్టుకు

ఫార్మసీ కౌంటర్‌లో కూర్చుంటే మన చేతికొచ్చేది అప్పటికే రాసేసిన ప్రిస్క్రిప్షన్. తేడా కనిపెట్టి ఫోన్ చేసేసరికి డాక్టర్ ఆపరేషన్ థియేటర్‌లో ఉంటారు, మొదటి డోస్ పడిపోయి ఉంటుంది. అందుకే వార్డుకు కొత్తగా వచ్చే ఫార్మసిస్టులకు నేను మొదట చెప్పేది, మందు రాసే సమయానికి అక్కడ ఉండమని. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఐసీయూలో ఫార్మసిస్టు డాక్టర్లతో కలిసి రౌండ్స్‌కి వెళ్లాక, మందు రాయడంలో పొరపాట్ల వల్ల జరిగే, ఆపగలిగిన హాని 66 శాతం తగ్గిందని 1999లో ప్రచురించారు. ఫార్మసిస్టు చేసిన 366 సూచనల్లో 362 డాక్టర్లు ఒప్పుకున్నారు. "నా మాట వింటారా?" అనే టెన్షన్ ఉన్నవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

రౌండ్స్‌కి గంట ముందే వార్డుకు చేరుకోండి. రాత్రి అడ్మిట్ అయినవాళ్లతో మొదలుపెట్టండి. "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే బీపీకి ఒకటి, షుగర్‌కి ఒకటి అంటారు, మిగతావి గుర్తుండవు. మందుల సంచి తెప్పించి మంచం మీద విప్పించండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో ఉందేమో స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో చూడండి. కత్తిరించిన ముక్క మీద పేరు లేకపోతే ఊహించొద్దు, కొన్న షాపులో కనుక్కోండి. ఆ తర్వాత విడివిడిగా అడగండి: కంటి చుక్కలు, పీల్చే మందులు, ఇన్సులిన్, వారానికోసారి వేసుకునేవి, నొప్పులకు సొంతంగా కొనుక్కునేవి, మూలికల మందులు.

నాడి బాగా నెమ్మదించి, కళ్లు తిరిగి పడిపోయిన ఒక పెద్దాయన సంచిలో గుండె వేగం తగ్గించే మాత్ర ఒక్కటీ కనిపించలేదు. "కంట్లో ఏమైనా వేసుకుంటారా తాతగారూ?" అంటే చొక్కా జేబులోంచి చిన్న సీసా తీశారు. టిమోలాల్, నీటికాసుల చుక్కలు. కంట్లో వేసినా ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది. గుండె వేగం తగ్గించగలదు, ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరి బిగిసేలా చేయగలదు. కంటి డాక్టర్‌తో మాట్లాడి చుక్కలు మార్పించాం. కేస్ షీట్ ఎన్నిసార్లు తిరగేసినా ఆ సీసా దొరికేది కాదు. మన పనిలో సగం విలువ ఈ మంచం పక్కనే ఉందని నా నమ్మకం.

తర్వాత ల్యాబ్ రిపోర్టులు. కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్ "నార్మల్" అని ఉంటే అక్కడితో ఆగకండి. 78 ఏళ్ల ఆవిడ, బరువు 45 కిలోలు, క్రియాటినిన్ 1.1 అనుకోండి. 140లోంచి వయసు తీసేసి, బరువుతో గుణించి, 72 రెట్ల క్రియాటినిన్‌తో భాగించండి. ఆడవాళ్లకు మళ్లీ 0.85తో గుణించాలి. వచ్చేది క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం: నిమిషానికి 30 మి.లీ. అంటే కిడ్నీలు చాలా మందగించాయి. ఈవిడకు రోజూ 750 మి.గ్రా. లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఎక్కువైపోతుంది, రోజు విడిచి రోజు ఇవ్వాలి. వయసు పైబడి సన్నగా ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ లెక్క వేయండి.

రౌండ్స్‌లో "డోస్ తప్పు సార్" అనకండి, ముఖ్యంగా పేషెంట్ ముందు. "సార్, క్లియరెన్స్ 30 వచ్చింది, లీవోఫ్లాక్సాసిన్ 48 గంటలకోసారి చేద్దామా?" అంటే చాలు. కారణం, అంకె, ప్రత్యామ్నాయం మూడూ అందులోనే ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మీదున్న పేషెంట్‌కి మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తున్నారా? ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే అంకె) పెరిగి రక్తస్రావం కావచ్చని చెప్పి, మళ్లీ ఎప్పుడు టెస్ట్ చేయాలో అప్పుడే రాయించండి. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీ సూచన కేస్ షీట్‌లో ఉండాలి.

సిస్టర్లతో రోజూ మాట్లాడండి. మందు నిజంగా ఎలా ఇస్తున్నారో తెలిసేది వాళ్లకే. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) ఉన్నవాళ్లకు మాత్రలు నూరి ఇస్తారు. మెల్లగా విడుదల కావాల్సిన ఎస్ఆర్, ఎక్స్ఎల్ మాత్రను నూరితే రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. ఫిట్స్ మందు ఫెనిటాయిన్ ట్యూబ్ ఫీడ్‌తో కలిస్తే సరిగా ఒంటబట్టదు, ఫిట్స్ మళ్లీ రావచ్చు. మందుకు ముందూ వెనకా ఫీడ్ ఆపే టైము చార్ట్‌లో రాసిపెట్టండి.

డిశ్చార్జ్ రోజు హడావిడి ఎక్కువ, అయినా వదలొద్దు. ఆపేసిన మందులు, ఎందుకు ఆపారో కూడా చీటీలో ఉండాలి. లేకపోతే ఇంట్లో పాత స్ట్రిప్‌లు కొత్తవాటితో కలిసిపోతాయి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ ఇస్తే మరీ జాగ్రత్త. అది వారానికి ఒక్కసారే, రోజూ మింగితే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. "వారానికోసారి" అని వదిలేయకుండా, సోమవారమో, మంగళవారమో, వేసుకోవాల్సిన రోజు పేరు పెద్దక్షరాల్లో రాయండి. ఇంట్లో మాత్రలు చేతికిచ్చేది కొడుకో కోడలో కనుక్కుని, ఏ రోజు ఏది ఇవ్వాలో వాళ్లతోనే తిరిగి చెప్పించుకోండి.