పెద్ద వయసు రాక్ గిటారిస్ట్ మీద డాక్యుమెంటరీ తీస్తున్నారా, ముందు గిటార్ ఆయన చేతికివ్వండి

డెబ్భై దాటిన రాక్ గిటారిస్ట్ మీద టీవీకి డాక్యుమెంటరీ అనగానే అందరూ చేసే మొదటి పని ఒకటే, ఆయన్ని మంచి కుర్చీలో కూర్చోబెట్టి వెనక గోడకి నాలుగు గిటార్లు తగిలించి "మీ మొదటి బ్యాండ్ ఎలా మొదలైంది సార్" అని అడగడం. ఆ కథ పెద్దాయన యాభై ఏళ్ళుగా చెప్తున్నారు, ఎక్కడ ఆగాలో ఎక్కడ నవ్వాలో కూడా కంఠతా వచ్చేసి ఉంటది, మీరు ఎంత ప్రేమగా అడిగినా అదే వస్తుంది. అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది, గిటార్ చేతిలో లేకుండా ఆయన్ని ఏమీ అడగకండి. చేతిలో గిటార్ ఉంటే సగం ధ్యాస వేళ్ళ మీద ఉంటది, అలాంటప్పుడు నోట్లోంచి వచ్చే మాట అప్పటికప్పుడు పుట్టినదై ఉంటది.

అడిగే ప్రశ్న కూడా చేతికి సంబంధించిందే అయ్యుండాలి. ఉదాహరణకి రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ చాలా పాటలకి ఐదు స్ట్రింగ్సే వాడతారు, అన్నిటికంటే లావు స్ట్రింగ్ తీసేసి మిగతావి జి, డి, జి, బి, డి అని ఓపెన్ జి లో పెడతారు, అంటే వేళ్ళతో ఏదీ నొక్కకుండా మీటినా జి కార్డ్ (కొన్ని స్వరాలు కలిసి పలికేది) వచ్చేలా. అలాంటి మనిషిని "ఆ ఫేమస్ రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ ముక్క) ఎలా వచ్చింది" అంటే వెయ్యిసార్లు చెప్పిందే చెప్తారు, అదే "ఆ ఆరో స్ట్రింగ్ తిరిగి పెడితే ఏం పాడవుతుందో ఒకసారి వాయించి చూపిస్తారా" అనండి, ఆయన వాయిస్తారు, ఆగుతారు, మళ్ళీ వాయిస్తారు, ఆ మధ్యలో ఎవరి దగ్గర నేర్చుకున్నారో అదంతా దానంతటదే బయటికి వస్తుంది. బ్లాక్ సబాత్ బ్యాండ్ గిటారిస్ట్ టోనీ అయోమీ సంగతి తీసుకోండి, పదిహేడేళ్ళప్పుడు బర్మింగ్‌హామ్ లో ఫ్యాక్టరీలో మెషీన్ కింద కుడి చేతి రెండు వేళ్ళ చివర్లు పోయాయి, ఆయన ఎడమచేతి వాటం కాబట్టి ఫ్రెట్స్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) మీద పెట్టాల్సిన వేళ్ళే అవి. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు తనే చేసుకున్నారు, స్ట్రింగ్స్ పల్చటివి వేసుకున్నారు, తర్వాత ట్యూనింగ్ కూడా కిందికి దించుకున్నారు, ఆ బరువైన సౌండ్ వెనక అదంతా ఉంది. ఇలాంటి మనిషి దగ్గర యాక్సిడెంట్ రోజు గురించి అడిగేకంటే ఆ తొడుగు ఎలా వేసుకుంటారో చూపించమనడం వంద రెట్లు మేలు. ప్రతి గిటారిస్ట్ దగ్గరా ఇలాంటిది ఒకటి ఉంటది, అరిగిపోయిన ఒక వాల్యూమ్ నాబ్, పిక్ (స్ట్రింగ్స్ మీటే చిన్న బిళ్ళ) పట్టుకునే ఒక వింత పద్ధతి, దాన్ని వెతికి పట్టుకోవడమే మీ మొదటి పని.

దానికి కెమెరా లేకుండా కనీసం రెండు మూడు సార్లు వెళ్ళాలి. వెళ్ళేముందు ఆయన రికార్డులన్నీ వినాలి, హిట్టయినవి కాదు, ఎవరూ కొననివి ముఖ్యంగా, ఎందుకంటే ఆ ఫ్లాప్ ఆల్బమ్ లో నాలుగో పాటలో సోలో గురించి మీరు అడిగిన క్షణం నుంచి ఆయన మిమ్మల్ని చూసే చూపే మారిపోతుంది.

ఒంట్లో ఎలా ఉందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఈ వయసు గిటారిస్టుల్లో కీళ్ళ నొప్పులు, చెవుల్లో హోరు చాలా మామూలు. ద హూ బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ తన చెవుల గురించి ఎన్నో ఏళ్ళుగా బయటే చెప్తున్నారు, ఎరిక్ క్లాప్టన్ నరాల సమస్య గురించి చెప్పారు, కీత్ రిచర్డ్స్ ఆర్థరైటిస్ వల్ల వాయించే తీరు మారిందని చెప్పారు. కాబట్టి ఏ చెవి బాగా వినిపిస్తుందో కనుక్కుని ఆ పక్కన కూర్చోండి, పొద్దున్నే షూట్ పెట్టకండి, వేళ్ళు వదులు అవడానికి టైమ్ పడుతుంది. ఇంకోటి, ఆ వేళ్ళు వదులు అయ్యే అరగంట కూడా షూట్ చేయొచ్చా అని ముందే అడిగి ఒప్పించండి. తప్పుగా పడిన నోట్, వేడి నీళ్ళలో చేతులు పెట్టుకోవడం, మొహంలో చిన్న చిరాకు, ఇవి దొరికితే మీ సినిమా సగం దొరికినట్టే. వద్దంటే మాత్రం రెండోసారి అడగొద్దు.

ఇప్పుడు సౌండ్, ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. సింగిల్ కాయిల్ పికప్ (స్ట్రింగ్స్ ఊగడాన్ని కరెంటు సిగ్నల్ గా మార్చే, ఒకే తీగచుట్ట ఉన్న భాగం) ఉన్న గిటార్ గదిలో ఉన్న కరెంటు గోలనంతా పట్టేస్తుంది, మీ ఊళ్ళో సప్లై 50 హెర్ట్జ్ అయినా 60 అయినా ఆ హమ్ వచ్చి తీరుతుంది, దానికి తోడు మీరు తెచ్చిన లైట్లకి డిమ్మర్ ఉంటే ఇంకా గీపెడుతుంది. నేను ఒక షూట్ లో లైట్లన్నీ అందంగా సెట్ చేసుకుని రోజంతా తీసి సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ప్రతి నోట్ వెనక తేనెటీగల గూడు ఉన్నట్టు ఉంది, అప్పటికి పెద్దాయన అలిసిపోయి లోపలికి వెళ్ళిపోయారు, ఆ రోజు పోయినట్టే. అప్పట్నుంచి ముందు యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్ లో వినిపించే పెట్టె) ఆన్ చేసి, తర్వాత ఒక్కో లైట్ వెలిగిస్తూ వింటాను, ఏది గోల చేస్తే అది బయటికి. గిటార్ కొంచెం అటు ఇటు తిప్పినా హమ్ తగ్గుతుంది, ఆయనకి ఆ విషయం మీకంటే బాగా తెలుసు, అడిగితే కుర్చీ ఎటు తిప్పాలో ఆయనే చెప్తారు.

యాంప్ కి విడిగా ఒక డైనమిక్ మైక్ పెట్టండి, స్పీకర్ కోన్ మధ్యకి గురిపెడితే సౌండ్ పదునుగా వస్తుంది, అంచు వైపు జరిపితే మెత్తబడుతుంది, ఇంట్లో వాయించే సీన్ కి నాకు అంచు వైపే బాగుంటుంది. యాంప్ వేయకుండా ఉత్తినే వాయించినప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ కి ఒక సన్నటి పొడి శబ్దం ఉంటది చూడండి, పిక్ స్ట్రింగ్ కి తగిలేది, వేళ్ళు ఫ్రెట్స్ మీద జారేది, దానికోసం ఒక మైక్ గిటార్ కి దగ్గరగా ఉండాల్సిందే, స్టేజ్ మీద ఆయన్ని వేలసార్లు విన్నవాళ్ళు కూడా ఆ శబ్దం విని ఉండరు. మాటలకి చొక్కాకి పెట్టే చిన్న మైక్ వాడితే స్ట్రాప్ (గిటార్ తగిలించుకునే పట్టీ) లేని వైపు పెట్టండి, కుడిచేతి వాటం వాళ్ళకి స్ట్రాప్ ఎడమ భుజం మీదుగా వస్తుంది కాబట్టి మైక్ కుడి వైపు, లేకపోతే ప్రతి మాట మీదా బట్ట రాసుకున్న శబ్దమే. అన్నీ వేరు వేరు ట్రాకుల్లో, 48 కిలోహెర్ట్జ్ 24 బిట్ లో. ఇంట్లో ఫ్రిజ్ గోల కూడా మైక్ లో పడుతుంది కాబట్టి దాన్ని ఆపేయండి, ఆపేశాక మీ బండి తాళాలు అందులో పెట్టండి, ఇంటికెళ్ళేటప్పుడు మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోరు.

కెమెరా సంగతి దీనికంటే తేలిక. రెండు చాలు, ఒకటి చేతుల మీద ఒకటి మొహం మీద, చేతుల కెమెరా గిటార్ ఎత్తుకి దించి మీరు నేల మీద కూర్చోండి. షటర్ మరీ ఫాస్ట్ గా పెట్టకండి, మామూలు ట్యూనింగ్ లో అయిదో స్ట్రింగ్ (A అనేది) సెకనుకి 110 సార్లు ఊగుతుంది, ఇప్పటి కెమెరాల సెన్సర్ ఫ్రేమ్ ని పైనుంచి కిందికి లైను లైనుగా చదువుతుంది కాబట్టి షటర్ ఫాస్ట్ అయితే స్ట్రింగ్స్ పాముల్లా మెలికలు తిరిగినట్టు కనిపిస్తాయి, చూసేవాళ్ళ ధ్యాసంతా దాని మీదకే పోతుంది. 25 ఫ్రేములకి యాభయ్యో వంతు సెకను సరిపోతుంది. గదిలో మీతో కలిపి ముగ్గురికంటే ఎక్కువ మంది ఉండకూడదు, ఇది మాత్రం నేను అస్సలు రాజీపడను.

వేరే సంగీతకారుడు ఒకరిని పక్కన కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది. 1986 లో అమెరికాలోని సెయింట్ లూయిస్ లో రాక్ అండ్ రోల్ తొలితరం గిటారిస్ట్ చక్ బెర్రీ అరవయ్యో పుట్టినరోజు కచేరీలు జరిగాయి, వాటిమీద తీసిన డాక్యుమెంటరీ మరుసటి ఏడాది వచ్చింది. అందులో రిహార్సల్ లో కీత్ రిచర్డ్స్ ఒక బెండ్ (స్ట్రింగ్ ని పక్కకి లాగి స్వరం పెంచడం) తను అనుకున్నట్టు వాయించట్లేదని బెర్రీ మళ్ళీ మళ్ళీ ఆపించి మళ్ళీ మొదట్నుంచి వాయించమంటారు. డైరెక్టర్ టేలర్ హ్యాక్‌ఫర్డ్ ఆ ఇబ్బందినంతా అలాగే ఉంచేశారు, ఆ రెండు మూడు నిమిషాల్లో బెర్రీ గురించి తెలిసినంత ఏ ఇంటర్వ్యూలోనూ తెలీదు.

డబ్బు దగ్గర జాగ్రత్త. పాట ఒకటే అయినా హక్కులు రెండు రకాలు, రాసిన పాట హక్కులు మామూలుగా పబ్లిషర్ అనే కంపెనీ దగ్గర, రికార్డింగ్ హక్కులు లేబుల్ అంటే రికార్డు కంపెనీ దగ్గర ఉంటాయి. పాత రికార్డు వేస్తే ఇద్దరి పర్మిషనూ కావాలి, ఆయనే సోఫాలో కూర్చుని వాయిస్తే లేబుల్ అక్కర్లేదు కానీ పబ్లిషర్ కావాల్సిందే, తన పాటే అయినా ఆ హక్కులు ఎప్పుడో అమ్మేసి ఉండొచ్చు. అందుకని షూట్ లోనే పేరులేని ముక్కలు, అప్పటికప్పుడు వేళ్ళకి తోచినవి ఎక్కువ వాయించమనండి, అవి వాడుకునేలా ఆయనతో కాగితం రాయించుకోండి. పైగా సినిమాకి అవే బాగుంటాయి. అదే కాగితంలో ఎడిట్ ఎవరి చేతిలో ఉంటదో కూడా రాసుకోవాలి, తప్పులుంటే చెప్పడానికి ఆయనకి ముందే చూపిస్తాం, ఏది ఉంచాలో మాత్రం మనం తేలుస్తాం అని. పోయిన బ్యాండ్ మనుషుల గురించి, డ్రగ్స్ గురించి మాట్లాడాల్సి వస్తే ఇది లేకుండా ముందుకెళ్ళకండి.

ఎడిట్ లో ఎక్కువ చెప్పేదేం లేదు. సోలో మధ్యలో కట్ చేసి ఇంకో స్టార్ చేత పొగిడించకండి, వాయించేది పూర్తిగా ఉంచండి. కమర్షియల్ ఛానెళ్ళలో గంట స్లాట్ అంటే యాడ్స్ పోను గంట కంటే తక్కువే ఉంటది, అందులో మూడు సార్లైనా ఏ మాటలూ లేకుండా పూర్తిగా వాయింపు ఉండాలని నా లెక్క.

ముగింపు మాత్రం ముందే రాసుకుని వెళ్ళకండి. డాక్టర్ ఫీల్‌గుడ్ బ్యాండ్ గిటారిస్ట్ విల్కో జాన్సన్ కి క్యాన్సర్ అని, ఇంకో పది నెలలే అని డాక్టర్లు చెప్పారు, డైరెక్టర్ జూలియన్ టెంపుల్ ఆయన మీద సినిమా మొదలుపెట్టినప్పుడు అది చావుకి ఎదురుచూసే మనిషి సినిమా. 2014 లో ఆపరేషన్ చేసి మూడు కేజీల కణితి తీశారు, మనిషి బతికారు, 2022 దాకా ఉన్నారు. వీడ్కోలుగా మొదలైన సినిమా వేరే దారి పట్టింది, ఆ దారిలోనే వెళ్ళనిచ్చారు కాబట్టే 2015 లో అంత బాగా వచ్చింది.

చివరి రోజు ఒక్కటి గుర్తు పెట్టుకోండి. "అయిపోయింది సార్, థాంక్యూ" అన్నాక కూడా యాంప్ దగ్గర మైక్ ఆపకండి, ఆపట్లేదని ఆయనకి చెప్పే ఉంచండి. పాత ట్యూబ్ యాంప్ స్విచ్ తీసేసినా సౌండ్ వెంటనే పోదు, కొన్ని సెకన్లు సన్నబడుతూ ఉంటది, ఆ టైమ్ లో చాలామంది ఒక కార్డ్ మీటి అది ఎంతసేపు నిలబడుతుందా అని తల వంచి వింటారు. ఆ శబ్దం పూర్తిగా పోయిందాకా ఎవరూ కదలకుండా రికార్డ్ చేయండి.